చీర ఎవరైనా ఇస్తారు

మన ఆడవాళ్ళకు పెట్టె సర్దడం ఒకరు నేర్పనక్కర్లేదు. పెళ్ళికి వెళ్ళాలంటే ఏ పట్టుచీర పైన ఉండాలో, ఏది అడుగున ఉండాలో తెలుసు. పురిటికి వచ్చిన కూతుర్ని అత్తవారింటికి పంపేటప్పుడు చంటిపిల్ల గుడ్డలు ఎన్ని పెట్టాలో తెలుసు. తిరుపతి ప్రయాణమైతే సరేసరి, సగం ఇల్లు పెట్టెలోకే వస్తుంది. ఇన్ని తెలిసినవాళ్ళం, అర్ధరాత్రి ఎవరో తలుపు బాది "నీళ్ళొస్తున్నాయి, లేవండి!" అంటే మాత్రం ఏం పట్టుకోవాలో తోచక నట్టింట్లో నిలబడిపోతాం. చేతికి ఏది తగిలితే అది పట్టుకుంటాం. మాకు తెలిసిన ఒకావిడ ఖాళీ కుక్కరు చంకన పెట్టుకుని మేడ ఎక్కింది. నవ్వకండి. ఆ క్షణాన మీరూ నేనూ అంతకంటె తెలివిగా ప్రవర్తిస్తామన్న నమ్మకం నాకేం లేదు.

అలాంటి వేళ కోసం ఒక సంచీ సర్ది ఉంచుకోమని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారు మొదలుకొని అందరూ చెబుతూనే ఉన్నారు. టార్చిలైటు, మందులు, ముఖ్యమైన కాగితాలు, మంచినీళ్ళు, తినడానికేమన్నా. ఈ జాబితా ఇప్పుడు బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. చిట్టచివర "బట్టలు" అని ఒక్క మాట ఉంటుంది. అక్కడే నా పేచీ. ఏ బట్టలు? ఎవరివి? ఎన్ని? ఆ మాట రాసినవారెవరో మగవారై ఉంటారని నాకో అనుమానం. మగవారికి బట్టలంటే ఒక లుంగీ, ఒక చొక్కా, అక్కడితో సరి. ఈ వారం ఆ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం.

హైదరాబాదు పాతబస్తీలో ఉన్నవాళ్ళకు ఇది ఊసుపోక చెప్పుకునే కబురు కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ఊడ్చుకుపోయింది. అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ మాత్రం నిలిచింది. వేలమంది పోయారు, పదిహేను వేలమంది అని చెప్పే లెక్కే ఎక్కువగా వినపడుతుంది. అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి ఆ ఒక్క వరదలోనే తల్లినీ, భార్యనూ, కూతుర్నీ పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు మీదికెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మందులకోసం వరసలో నిలబడ్డవాళ్ళు దాని నీడన కూర్చుంటారు.

ఆ చెట్టు మీదినుంచి దిగినవాళ్ళు ఏం కట్టుకున్నారన్నది నేను చదివిన చరిత్రల్లో ఎక్కడా లేదు. వంతెనలు ఎన్ని కూలాయో ఉంది, నవాబుగారు మహలు తలుపులు తెరిపించి అన్నం పెట్టించిన సంగతి ఉంది. కట్టుబట్ట ఊసు లేదు. అది మా అత్తగారి నోట విన్నాను. ఆవిడ నాయనమ్మ అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. అఫ్జల్‌గంజ్ వైపు ఏదో మిద్దెమీద ఒక రాత్రీ ఒక పగలూ గడిపారట. "బంగారం పోయిందని ఎవ్వరు ఏడ్వలేదంట బిడ్డా. పొడిబట్ట లేక, మగోళ్ళ ముంగట లేచి నిలబడలేక ఏడ్చిండ్రంట. మా నాయనమ్మ సచ్చేదాంక అటుకు మీద ఒక గుడ్డల మూట పెట్టేది. వానొస్తే సాలు, మూట ఉన్నదా లేదా అని సూసేది." ఇంతే ఆవిడ చెప్పింది. నాకు మాత్రం వంతెనల లెక్కలకంటె ఈ మూటే గుర్తుండిపోయింది.

తరవాత విశ్వేశ్వరయ్యగారు వచ్చి ఊరిని చూసి, ఎగువన నీళ్ళను ఆపితే తప్ప లాభం లేదన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇక మూసీ భయం తీరిందనుకున్నారు. తీరలేదు. 2025 సెప్టెంబరు ఆఖరి వారంలో ఆ రెండు జలాశయాల గేట్లు ఎత్తితే నీళ్ళు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చి కూర్చున్నాయి. పండక్కి ఊరెళ్ళవలసినవాళ్ళు తాళ్ళు పట్టుకుని బయటపడ్డారు. ఒడ్డున ఉన్న మూసానగర్ లాంటి బస్తీలను ఖాళీ చేయించారు.

మా దక్షిణం వైపున భయం మూసీతో కాదు, చెరువులతో. 2020 అక్టోబరు 13 సాయంత్రం మొదలైన వాన తెల్లవార్లూ కురిసింది. పల్లెచెరువు పొంగి ఫలక్‌నుమా దగ్గరి అల్‌జుబైల్ కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. పడవలు వేసుకుని పాలపాకెట్లు పంచారు. సరే, గండం గడిచిందనుకుని ఇళ్ళు కడుక్కుంటూ ఉండగా, 17వ తేదీ రాత్రి బాలాపూర్ గుర్రంచెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ మీద పడింది. ఉతికి ఆరేసుకున్న బట్టలు మళ్ళీ తడిశాయి.

ఆ హాఫిజ్‌బాబానగర్‌లోనే మా పక్కింటి ఆపా చెల్లెలు ఉండేది. ఆపా అంటే అక్క అని మీకు తెలుసుగా. ఈ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఆపాయే. ఆవిడ చెప్పిన సంగతి ఇది. గడపలోకి నీళ్ళు వచ్చాయని చూసేలోపల మోకాళ్ళు, మోకాళ్ళని చూసేలోపల నడుము. పిల్లల్ని ఎత్తుకుని ఎదురింటి మేడమీదికి పోయారు. మొదటి రాత్రి తడిబట్టల్లోనే. తెల్లారాక ఆ ఇంటివాళ్ళు పాపం ఉన్నవన్నీ తీసి ఇచ్చారు. ఆ తరవాత రెండు రోజులు ఒక ఫంక్షన్ హాలులో. అక్కడికీ మూటలు మూటలుగా బట్టలు వచ్చాయి. అన్నం ఇంకా ఎక్కువ వచ్చింది. పాతబస్తీలో ఆకలితో ఉన్నవాడికి బిర్యానీ పెట్టడానికి ఎవరూ వెనకాడరు. హిందువా ముసల్మానా అని ఎవరూ అడగలేదు.

ఇక అసలు సంగతి. ఆ చెల్లెలికి పదమూడేళ్ళ కూతురుంది. ఆ పిల్లకు ఎవరిదో పెద్దావిడ కమీజు ఒకటి దొరికింది, మోకాళ్ళ కింది దాకా. లోపల వేసుకోవడానికేం లేదు. సరిగ్గా ఆ రెండోరోజునే నెలసరి వచ్చింది. పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, అన్నానికి లేవలేదు, నీళ్ళకు లేవలేదు, చివరికి డాక్టరమ్మ వస్తే కూడా లేవలేదు. జ్వరమనుకున్నారు. తల్లికి అర్థమయేసరికి సాయంత్రమైంది. "అంతమంది అన్ని తెచ్చారు, ఆ పిల్లకు కావలసింది మాత్రం ఎవరూ తేలేదు," అంది ఆపా. తెచ్చినవాళ్ళ మీద నిష్ఠూరంగా కాదు సుమా. వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఎలా తెలుస్తుందన్న మాట దగ్గరే నేను చాలా రోజులు ఆలోచించాను. 2004లో సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచీ లారీల కొద్దీ బట్టలు వెళ్ళాయి. పంచడానికి పనికిరాక రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. ఢిల్లీకి చెందిన గూంజ్ అనే సంస్థ ఆ గుట్టలను ఏరి, బాగుచేసి, పనికిరాని నూలుగుడ్డలతో ఆడవాళ్ళకు నెలసరి గుడ్డలు కుట్టించింది. ఆ సంస్థ పెట్టిన అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే బహుమానం వచ్చింది. ఇచ్చేవాళ్ళు లేకపోవడం కాదు లోపం. ఇచ్చేదానికీ కావలసినదానికీ పొత్తు కుదరకపోవడం.

మీరే చూడండి. కష్టంలో ఉన్న ఆడదానికి చీర ఎవరైనా ఇస్తారు. ఆరుగజాల చీర ఎవరికైనా సరిపోతుంది. లావుగా ఉన్నా సన్నగా ఉన్నా దానికి పట్టింపు లేదు. కాని జాకెట్టు? నా జాకెట్టు మీకు పట్టదు, మీ జాకెట్టు నాకు నిలవదు. అది ఒక ఒంటికోసం ఒక దర్జీ కొలతపెట్టి కుట్టింది. జాకెట్టూ లంగా లేకుండా చీర ఎంత మంచిదైనా అది దుప్పటే. లోపలి బట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకరివి ఒకరు అడగరు, ఒకరివి ఒకరు ఇవ్వరు. కాబట్టి సంచీలో మొట్టమొదట పెట్టవలసింది మంచి చీర కాదు. ఎవరూ మనకు ఇవ్వలేనివి ఏవో అవి. జాకెట్టు, లంగా, లోపలి బట్టలు రెండు జతలు, నెలసరికి కావలసినవి, నాలుగు పిన్నీసులు, లంగా బొందు ఒకటి అదనం, దారం ఎక్కించిన సూది. ఇవన్నీ కలిపితే ఒక రొట్టె మందం ఉండవు. చోటు మిగిలితే చీర పెట్టుకోండి.

నెలసరి వాడకానికి కొన్న పాడ్లు పెట్టినా వాటితోపాటు మెత్తటి పాత నూలుగుడ్డ కొంత పెట్టండి. పాడ్లు అయిపోతాయి. గుడ్డ అయిపోదు, దెబ్బకు కట్టవచ్చు, పసిపిల్ల కింద వెయ్యవచ్చు. ఈడొచ్చిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ పొట్లం ఎక్కడుందో పిల్లకు చెప్పి ఉంచండి. నాకు చెప్పు తీసిస్తానంటే కుదరదు. ఆ వేళ మీరు ఏ మేడమీద ఉంటారో, పిల్ల ఏ మేడమీద ఉంటుందో.

నేను ఇలా సర్దుతూ ఉంటే మా ఇంట్లో జరిగిన సభ వినవలసిందే. మావారు వచ్చి సంచీ తెరిచి చూసి "ఇందులో నావేవి?" అన్నారు. ఒక చొక్కా, లుంగీ, బనీను, డ్రాయరు చూపించాను. "లుంగీయా? నలుగురిలో ప్యాంటు లేకపోతే ఎలా?" అన్నారు. లుంగీకి ఉన్నన్ని గుణాలు ప్యాంటుకు లేవు. ఒంటికి చుట్టుకోవచ్చు, తుడుచుకోవచ్చు, పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు, రెండు కొసలు ముడివేసి పసిపిల్లను భుజాన వేసుకోవచ్చు. అన్నిటికీ మించి, ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొస పట్టుకుంటే మూడో ఆవిడ దాని వెనక బట్ట మార్చుకోవచ్చు. ఈ చివరి ఉపయోగం చెప్పాక మావారు ఇంకేం అనలేదు. రెండో లుంగీ తనే తెచ్చి పెట్టారు.

మా అత్తగారి పేచీ వేరు. నీళ్ళలో నడవవలసివస్తే చీర పనికిరాదు, అది నీళ్ళు తాగి బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. వేగంగా పారే నీళ్ళు అర అడుగు లోతుంటే చాలు, నిలబడ్డ మనిషిని పడేస్తాయి. అందులో కాళ్ళకు చీర కూడానా! అంచేత ఆవిడకు కూడా ఒక పంజాబీ డ్రెస్సు పెడదామన్నాను. డెబ్బైయేళ్ళు దాటిన మనిషి, ఎగాదిగా చూసింది నన్ను. "ఏందే, నన్ను గీ వయసుల పోరిని జేస్తవా? మా అవ్వలు గోచి పెట్టి నాట్లేసిండ్రు మోకాళ్ళ లోతు నీళ్ళల్ల. నేను గోచి పెట్టుకుంట తీయ్," అంది. నిజమే! మన పొలాల్లో ఆడవాళ్ళు చీర గోచిపోసి కట్టుకుని రోజంతా నీళ్ళలో పని చెయ్యడం లేదూ? అలా కట్టడం వచ్చినవాళ్ళకు చీరే చాలు. రాని నాలాంటివాళ్ళకు చుడీదారు. ఆపాకు ఎలాగూ సల్వారు కమీజే. ఆవిడ సంచీలో మాత్రం బురఖా ఇంకొకటి, దుపట్టాలు రెండు చేరాయి. ఆ రాత్రి చెల్లెలి బురఖా నీళ్ళలో కొట్టుకుపోయి, తెల్లారాక పడవ వస్తే దిగడానికి ఆవిడ అరగంట తటపటాయించిందట. పడవవాళ్ళు మూడుసార్లు పిలవవలసి వచ్చింది. బట్ట లేక మనిషి ఆగిపోవడమంటే ఇదే.

ఏ గుడ్డ మంచిదని అడుగుతారేమో. మన ఎండకు నూలు మంచిదే కాని తడిస్తే ఆరడానికి పొద్దుపోతుంది, అందాకా ఒంటి వేడిని లాగేస్తూ ఉంటుంది. పాలియెస్టరు కలిసిన గుడ్డ ఇట్టే ఆరుతుంది. అందుకని పైబట్ట కలనేత గుడ్డా, ఒంటిని అంటేది నూలూ అని పెట్టుకున్నాను. తెల్లవి పెట్టకండి. తడిస్తే తెల్లబట్ట ఒంటిని దాచదు. ముదురు రంగుల్లో అచ్చువేసిన గుడ్డయితే మరకా కనిపించదు, ఒళ్ళూ కనిపించదు. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఒక స్వెట్టరు, చెవులు మూసే టోపీ తప్పదు. అక్టోబరులో చలి ఏమిటంటారు కాబోలు. తడిసిన ఒంటికి గాలి తగిలితే ముసలివాళ్ళకు అక్టోబరే మాఘమాసం. ఉన్ని తడిసినా వెచ్చదనం అంతా పోదు. కురుమల గొంగడి ఊరికే పుట్టలేదు. బరువు మొయ్యగల కొడుకు ఉంటే గొంగడి కూడా పట్టించండి.

కాళ్ళ సంగతి మరవకండి. హవాయి చెప్పులు మొదటి అడుగుకే తేలిపోతాయి. నీళ్ళ కింద గాజుపెంకులు, మేకులు ఉంటాయి, మూత లేచిన మ్యాన్‌హోలు ఉంటుంది. మురుగునీళ్ళలో ఎలుకల నుంచి వచ్చే జబ్బులు కాలి పగుళ్ళలో గుండా ఎక్కుతాయి. కట్టుకునే గుడ్డబూట్లు, పిల్లలవి పాత బడిబూట్లు, సంచీ పక్కనే తాడుతో కట్టి ఉంచండి.

ఇంతవరకు రాసి మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి గొప్పగా చెప్పాను. ఆవిడ ఇల్లు మూసీ ఒడ్డునే. 2025లో ఖాళీ చేయించినవాళ్ళలో ఆవిడా ఉంది. అంతా విని, "అమ్మా, మీకు బీరువాల బట్టలున్నయ్, ఒక జత సంచిల దాస్తరు. నాకున్నయే మూడు చీరలు. ఒకటి దాస్తే రోజు ఏం గట్టాలె?" అంది. పత్రికల్లో వచ్చే సలహాలన్నీ ఇక్కడికొచ్చే ఆగిపోతాయి. ఉన్నవాళ్ళు చేసిన జాబితా లేనివాళ్ళకు అందదు. వరద మాత్రం ముందు వాళ్ళింటికే వస్తుంది.

ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటే ఆవిడే దారి చెప్పింది. బట్టలు దాచవద్దు. ఉతికి ఆరిన జతను దండెం మీదా మూలనా పడెయ్యకుండా, మడతపెట్టి సంచీలోనే పెట్టడం. మర్నాడు అందులోంచే తీసి కట్టుకోవడం, ఆ రోజు విప్పింది ఉతికి మళ్ళీ అందులోనే పెట్టడం. అంటే సంచీయే వాళ్ళ బీరువా. ఏ వేళ పరుగెత్తినా ఒక పొడి జత అందులో ఉండనే ఉంటుంది. వానాకాలం నాలుగు నెలలూ ఇలా చేస్తానంది. ఆవిడ జాకెట్టు కొలతకు ఇంకొకటి కుట్టించి ఇచ్చాను. అది మాత్రం సంచీలోంచి కదలదని ఒప్పందం. చూస్తే ఈ పద్ధతి నా పద్ధతికంటె మేలే. ఆవిడ సంచీలోని బట్ట ఎప్పుడూ తాజాగా ఉంటుంది, నాది ఆరునెలలు ముక్కుతుంది.

ముక్కడం గురించి రెండు మాటలు. గంజిపెట్టిన బట్ట దాచకండి, పురుగూ బూజూ దానికే ముందు పడతాయి. గంజి పోయేలా ఉతికి, రెండెండలు తగలనిచ్చి, చల్లారాక మడతపెట్టండి. ఒక్కొక్కరి జత ఒక్కొక్క ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి తీసి, మూతి మెలిపెట్టి రబ్బరుబ్యాండు వెయ్యండి. పైన పేరు రాయండి. చీకట్లో అందరి బట్టలూ కిందపోసి వెతుక్కోవడం కంటె ఇది నయం. కలరా ఉండలని మనవాళ్ళు పిలిచే నాఫ్తలీన్ ఉండలు పసిపిల్లల బట్టల్లో వెయ్యవద్దు. వాటి ఆవిరి పట్టిన బట్ట కప్పితే కొందరు పసికందులకు నెత్తురులో ఎర్రకణాలు విరిగి కామెర్లు ముదురుతాయని వైద్యులు చాలా కాలంగా హెచ్చరిస్తున్నారు. నీడన ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి వేస్తే చాలు. ఎలాస్టిక్ ఉన్నవి ఏడాదికొకసారి లాగి చూడండి. వాడకపోయినా రబ్బరు చచ్చిపోతుంది.

సంచీకి ప్రత్యేకంగా డబ్బు పోసేదేం లేదు. నేను పత్తర్‌గట్టిలో వెతికాను. అక్కడి రాతి కమానులు 1908 వరద తరవాత నగరాభివృద్ధి బోర్డు వారు కట్టించినవే. ఆ నీడన వరద సంచీ బేరమాడుతుంటే నాకే వింతగా ఉంది. చివరికి మా అబ్బాయి పాత బడిసంచీయే వాడాను. వీపున తగిలించుకునేది కావాలి, చేత పట్టుకునేది కాదు. ఆ వేళ చేతులు పిల్లలకూ ముసలివాళ్ళకూ కావాలి.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది చిన్న సంగతి కాదు. మంచం కింద పెడితే మనకంటె ముందు అదే తడుస్తుంది. అటుకు మీద పెడితే దించడానికి నిచ్చెన కావాలి. మేం మేడమెట్ల మొదట్లో, తల ఎత్తున, కొక్కేనికి తగిలించాం. మిద్దెలో పగుళ్ళు కనిపించే పాత ఇళ్ళలో ఉండేవాళ్ళు వీధి గుమ్మం దగ్గర తగిలించుకోవాలి. వాళ్ళు మేడ ఎక్కకూడదు, బయటికి పోవాలి. నిప్పు సంగతి మాత్రం వేరే. 2025 మే 18 తెల్లవారుజామున గుల్జార్‌హౌజ్ దగ్గర ఇల్లు అంటుకుని పదిహేడుమంది పోయారు, అందులో పసిపిల్లలు కూడా. పొగ వాసన వస్తే సంచీ వైపు చూడను కూడా చూడకండి. మనుషులు బయటపడితే చీర ఎవరైనా ఇస్తారని చెప్పానుగా.

ఇక ఎప్పుడు తీసి చూడాలి? ఎదిగే పిల్లలున్న ఇంట్లో ఆరునెలలకు ఒకసారి తప్పదు. నిరుడు పెట్టిన లాగు ఈ ఏడు నడుముకు ఎక్కదు. మా వైపు లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారికి ఆషాఢంలో బోనాలు. 1908 వరదలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, మహారాజా కిషన్‌పర్షాద్ మాటమీద అమ్మవారికి మొక్కుకుంటే నీళ్ళు తీశాయని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు. అంచేత సంచీ దించడానికి అంతకంటె మంచిరోజు నాకు తోచలేదు. బోనాలకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి. ఆపాను అడిగితే మొదట రంజాన్‌కు చూసుకుంటానంది. తరవాత తనే లెక్కవేసింది. రంజాన్ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, నాలుగేళ్ళు పోతే అది చలికాలంలోకీ, ఇంకా పోతే దీపావళికీ వస్తుంది. వాన మాత్రం దాని వేళకే వస్తుంది. "అయితే మీ బోనాలకే నన్ను కూడా పిలువు, ఇద్దరం కలిసి దించుదాం," అంది.

పోయిన ఆషాఢంలో దించాం. మా అమ్మాయి జాకెట్టు బిగువైంది, మా అబ్బాయి బూట్లు పట్టలేదు. అత్తగారిది సరిగానే ఉంది కాని ఆవిడ తన పొట్లం విప్పనివ్వలేదు. ఎందుకా అని తరవాత చూస్తే అందులో మడతల మధ్య ఒక పాత పట్టురవిక, పోయిన మామగారి ఉత్తరీయం ఉన్నాయి. బరువేం లేవు. తీసి పక్కన పెట్టబోయి మళ్ళీ అందులోనే పెట్టేశాను. ఆపా చెల్లెలి కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుకుంటోంది. ఆ రోజు వచ్చి, తన సంచీ తనే సర్దుకుంది. రెండో సెట్టు ఒకటి విడిగా కవర్లో పెట్టి మూతి కట్టింది. ఎవరికమ్మా అది అంటే, "అక్కడ ఎవరో ఒకరు ఉంటారు కదా ఆంటీ, నా అంత పిల్ల," అంది.